పెట్టే చెయ్యి కనబడని బొమ్మ

1869 డిసెంబర్ 4న లండన్‌లో ‘ది గ్రాఫిక్’ అనే కొత్త వారపత్రిక మొదలైంది. క్రిస్మస్‌కు ఇంకా మూడు వారాలే ఉంది. బజారులో అప్పటికే బొమ్మల పత్రికలున్నాయి, పండగ గిరాకీ కోసం వాటి మధ్య పోటీ కూడా ఉంది. అలాంటి సమయంలో మొదటి సంచిక తెచ్చేవాళ్లు సాధారణంగా వెలుగుతున్న క్రిస్మస్ చెట్టో, విందు బల్లో వేస్తారు. ఈ పత్రిక మాత్రం ఒక క్యూ బొమ్మ వేసింది.

చలికాలం రాత్రి. ఎత్తైన గోడ. గోడ వెంబడి వరసగా జనం. చంటిబిడ్డను శాలువాలో చుట్టుకున్న తల్లి, ఆమెను అంటిపెట్టుకున్న పిల్లలు, ఒకప్పుడు బాగా బతికినవాడని టోపీయే చెబుతున్న ఒక ముసలాయన, పక్కన ఒక పోలీసు. గోడ మీద అతికించిన ప్రకటనలు. బొమ్మలో ఎవరూ ఏడవడం లేదు, చెయ్యి చాచడం లేదు. చలికి ముడుచుకుని తమ వంతు కోసం చూస్తున్నారంతే. ‘గూడు లేదు, కూడు లేదు’ అన్న అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. గీసిన ల్యూక్ ఫైల్డ్స్ వయసు అప్పటికి 26 ఏళ్లు.

వాళ్లు నిలబడింది తిండి కోసం కూడా కాదు, చీటీ కోసం. లండన్‌లో ఇల్లూవాకిలీ లేనివాళ్లకు ఒక రాత్రి తల దాచుకునే చోటు చూపించాలని 1864లో చట్టం చేశారు. వర్క్‌హౌస్ అనే సర్కారీ పేదల శాలలో దానికోసం ‘క్యాజువల్ వార్డు’ ఉండేది. అందులోకి పోవాలంటే ముందు పోలీసుల దగ్గర చీటీ రాయించుకోవాలి. చీటీ దొరికితే ఒక రాత్రి పడక, కాస్త రొట్టె, పలుచటి జావ. ఊరికే మాత్రం కాదు. మర్నాడు రాళ్లు కొట్టో, పాత ఓడ తాళ్లను పీచు పీచుగా విప్పో ఆ రుణం తీర్చాలి. ఆ తర్వాత మళ్లీ రోడ్డే.

ఈ బొమ్మను అప్పటి మిగతా క్రిస్మస్ బొమ్మల పక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఇందులో పెట్టేవాళ్లు లేరు. బుట్ట పట్టుకొచ్చిన దొరసాని లేదు, గుమ్మంలో నిలబడి పిల్లల తల నిమిరే పెద్దాయన లేడు, సూపు గరిటె పట్టుకున్న పాస్టరు లేడు. ఉన్నది తీసుకునేవాళ్లే, అదీ ఇంకా ఏమీ తీసుకోనివాళ్లు. చిన్న సంగతే అనిపిస్తుంది గానీ, పందొమ్మిదో శతాబ్దపు పత్రికలు పేదరికాన్ని పండగపూట ఎలా అమ్మాయో తెలియాలంటే అసలు కీలకం ఇక్కడే ఉంది.

అప్పటికి పాతికేళ్లుగా సాగుతున్న మామూలు నమూనా వేరు. బొమ్మ మధ్యలో ఒక గుమ్మమో కిటికీయో ఉంటుంది. లోపల పొయ్యి, దీపాలు, బాతు వేపుడు. బయట మంచు, చినిగిన బట్టలు, చెప్పుల్లేని కాళ్లు. ఆ రెండింటి మధ్యకు ఒక చెయ్యి వస్తుంది. చూసే పాఠకుడి కన్ను తనకు తెలియకుండానే ఆ చేతి మీద వాలుతుంది. ఎందుకంటే ఆరు పెన్నీలు పెట్టి పత్రిక కొన్నవాడు పొయ్యి ఉన్న వైపు మనిషి. బొమ్మలో ఆ చెయ్యి పని పూర్తి చేసేసింది కాబట్టి ఆయన గుండె తడి చేసుకుని పేజీ తిప్పేయవచ్చు. పెట్టే చెయ్యి లేని బొమ్మలో ఆ వెసులుబాటు లేదు. పని ఇంకా మిగిలే ఉంటుంది.

ఈ బొమ్మల వ్యాపారం ఎలా నడిచేదో కొంచెం చూడాలి. ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ 1842 మే 14న పుట్టింది. మొదటి సంచిక 16 పేజీలు, 32 బొమ్మలు, వెల ఆరు పెన్నీలు. 26 వేల కాపీలు అమ్ముడుపోయాయి. ఇన్ని బొమ్మలు వారంవారం వేయగలగడానికి కారణం బాక్స్‌వుడ్ అనే గట్టి కర్ర. చెట్టును నిలువునా కాకుండా అడ్డంగా కోసి, ఆ కోత ముఖాన్ని అద్దంలా నున్నగా చేసి దాని మీద చెక్కేవారు. ఆ దిమ్మ ఎత్తు సీసపు అక్షరాల ఎత్తుతో సమానంగా ఉంటుంది. కాబట్టి అక్షరాలూ బొమ్మా ఒకే ఫ్రేములో బిగించి ఒకే దెబ్బలో అచ్చువేయొచ్చు. రాగిరేకు మీద చెక్కిన బొమ్మకు ఈ సౌకర్యం లేదు, దాన్ని విడిగా అచ్చువేసి పుస్తకంలో కుట్టుకోవాలి. లెటర్‌ప్రెస్ రోజుల్లో మన ప్రెస్సుల్లో ‘బ్లాకు చేయించడం’ అనేవాళ్లే, దాని తాతముత్తాత ఈ కొయ్య దిమ్మే.

బాక్స్‌వుడ్ చెట్టు లావెక్కదు. ఒక్కో ముక్క అరచేయంత ఉంటే గొప్ప. అందుకని పెద్ద బొమ్మకు చాలా ముక్కల్ని వెనకనుంచి బోల్టులతో బిగించి ఒక పలక చేసేవారు. దాని మీద చిత్రకారుడు గీశాక బోల్టులు విప్పి తలా ఒక ముక్క చెక్కేవాళ్లకు పంచేవారు. ఒకరికి ఆకాశం, ఒకరికి గోడ, ఇంకొకరికి ముఖాలు. రాత్రిపూట పనిలో వెలుతురు ఒకచోట పడడానికి దీపం ముందు నీళ్లు నింపిన గాజు గోళం పెట్టుకునేవారు. తెల్లారేసరికి ముక్కలన్నీ మళ్లీ బిగించి, అతుకుల దగ్గర గీతలు కలిపితే దిమ్మ తయారు. ఈ పద్ధతిలో నలుపు అంటే ముట్టుకోని కర్ర, తెలుపు అంటే తీసేసిన కర్ర. మంచు చూపించడానికి ఎంత చెక్కాలో అంతా చెక్కాలి. చీకటి మాత్రం ఊరికే వస్తుంది. చలిరాత్రి బొమ్మలు ఈ మాధ్యమానికి అంత బాగా ఒదగడంలో ఇదీ ఒక కారణం కావచ్చు. ఫైల్డ్స్ బొమ్మలో ఆ గోడ నీడ, చిరుగుల మడతలు, కిందికి వాలిన టోపీ అంచు, అన్నీ కర్రలోంచి వచ్చిన నలుపే.

పేదరికం, క్రిస్మస్, పత్రిక అనే మూడూ గట్టిగా ముడిపడింది 1843లో. ఆ ఏడాది జులైలో ‘పంచ్’ పత్రికలో జాన్ లీచ్ ఒక బొమ్మ వేశాడు. పార్లమెంటు భవనం గోడల కోసం గీసిన పెద్ద పెద్ద నమూనా చిత్రాలను ప్రభుత్వం ప్రదర్శనకు పెడితే, చిరుగుబట్టల జనం ఆ దర్జా బొమ్మల ముందు నిలబడి చూస్తుంటారు. ఆ నమూనా చిత్రాలను అప్పట్లో కార్టూన్లు అనేవారు. లీచ్ వెక్కిరింపుగా తన బొమ్మకు అదే పేరు పెట్టాడు, ఇవాళ మనం వాడే కార్టూన్ అనే మాటకు అర్థం అక్కణ్ణుంచే మారింది. ఆ అక్టోబర్‌లో కోర్టుకెక్కిన ఒక కేసు పత్రికల్లో వచ్చింది. ఇద్దరు పిల్లలున్న ఒక వితంతువు, కుట్టడానికి తెచ్చుకున్న బట్టలను తిండి కోసం కుదువపెట్టింది. ఒక ప్యాంటు కుడితే ఏడు పెన్నీలు, దారమూ సూదీ ఆమెవే. పగలూ రాత్రీ కుట్టినా వారానికి ఏడు షిల్లింగులు మించవు. ఆ కథ మీద కవి థామస్ హుడ్ రాసిన చొక్కా పాటను ‘పంచ్’ తన క్రిస్మస్ సంచికలో అచ్చువేసింది. ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ వెల ఆరు పెన్నీలని ముందే చెప్పుకున్నాం. ఒక ప్యాంటు మొత్తం కుట్టిన కూలికి ఆ పత్రిక ఒక్క కాపీ వస్తుంది, పైన ఒక పెన్నీ మిగులుతుంది. ఆమె బాధ చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లెవరో ఈ లెక్కే చెబుతుంది.

అదే డిసెంబర్ 19న డికెన్స్ రాసిన క్రిస్మస్ కథ ‘ఎ క్రిస్మస్ కేరల్’ వచ్చింది. గనుల్లో, కార్ఖానాల్లో పిల్లలతో చేయించే పని మీద ప్రభుత్వ నివేదిక చదివి ఆయన మొదట ఒక కరపత్రం రాద్దామనుకున్నాడు. తర్వాత మనసు మార్చుకుని కథ రాశాడు. ఆరు వేల కాపీలు క్రిస్మస్‌కు ముందే అయిపోయాయి. వెల ఐదు షిల్లింగులు. కథలో పేద గుమాస్తా బాబ్ క్రాచిట్ వారం జీతం పదిహేను షిల్లింగులు. అంటే తన కథ తాను కొనుక్కోవాలంటే అతను వారం జీతంలో మూడో వంతు ధారపోయాలి.

ఆ పుస్తకానికి బొమ్మలు గీసింది కూడా లీచే. అందులో ఒకటి ప్రత్యేకంగా చూడదగ్గది. కథలో ముఖ్యుడైన పిసినారి స్క్రూజ్‌కు ఒక దయ్యం తన అంగీ మడతల్లోంచి ఇద్దరు పిల్లల్ని చూపిస్తుంది, ఒకరి పేరు అజ్ఞానం, ఇంకొకరి పేరు లేమి. కథలో ఆ సన్నివేశం ఎక్కడ జరుగుతుందో డికెన్స్ స్పష్టంగా చెప్పలేదు. లీచ్ మాత్రం వెనకాల కార్ఖానా గోడలు, పొగగొట్టాలు గీశాడు. రచయిత ‘ఈ పిల్లలు మనుషుల పిల్లలు’ అని దయ్యం నోట పలికిస్తే, చిత్రకారుడు ‘ఏ మనుషుల పిల్లలు, ఎక్కడి పిల్లలు’ అన్నదానికి జవాబు కూడా వేసి పెట్టాడు. ఈ బొమ్మలో పెట్టే చెయ్యీ లేదు, పండగ వాసనా లేదు. స్క్రూజ్ మనసు మారి టర్కీ కోడి పంపించడం గుర్తున్నంతగా ఈ పొగగొట్టాలు జనానికి గుర్తులేకపోవడంలో ఆశ్చర్యం లేదు.

మన స్కూలు పుస్తకాల్లో చాలామంది చదువుకున్న అగ్గిపుల్లల పిల్ల కథ కూడా బొమ్మలోంచే పుట్టింది. 1845లో డెన్మార్క్‌లో ఒక వార్షిక సంచిక సంపాదకుడు కథకుడు ఆండర్సన్‌కు మూడు బొమ్మలు పంపి, వాటిలో ఒకదానికి కథ రాయమన్నాడు. ఆయన ఎంచుకున్నది లుండ్‌బై అనే చిత్రకారుడు గీయగా కొయ్య దిమ్మతో అచ్చువేసిన బొమ్మ, అగ్గిపుల్లల కట్టలు పట్టుకున్న పేదపిల్ల. ఆ బొమ్మ అంతకుముందే ఒక పంచాంగంలో దానధర్మాలు చేయమని చెప్పడానికి అచ్చయింది. అంటే దాని మొదటి ఉద్యోగం చందా అడగడమే. ఆండర్సన్ దాన్ని తలకిందులు చేశాడు. కథలో ఒక్కరూ ఒక్క పుల్ల కొనరు. ఏడాది చివరి రాత్రి ఆ పిల్ల గోడ మూల చలికి చచ్చిపోతుంది. కిటికీ లోపలి బాతు వేపుడు, క్రిస్మస్ చెట్టు, అన్నీ పుల్ల వెలుగులో వచ్చి ఆరిపోతాయి. పత్రికల క్రిస్మస్ బొమ్మలో ఉండే సామాను అంతా ఇక్కడా ఉంది, ఒక్క చెయ్యి తప్ప.

ఇక వర్క్‌హౌస్ సంగతి. 1834లో పేదల చట్టం మార్చినప్పుడు సర్కారు ఉద్దేశం దాచుకోలేదు. లోపలి బతుకు బయట కూలి బతుకు కంటే హీనంగా ఉండాలి, అప్పుడే సోమరులు రారు. మొగుణ్ణీ పెళ్లాన్నీ వేరువేరు గదుల్లో పెట్టేవారు. మొదట్లో పండగపూట ప్రత్యేక భోజనానికి ప్రజల పన్ను డబ్బు వాడకూడదన్నారు. 1840లో దాతలెవరైనా ఇస్తే పెట్టుకోవచ్చని సడలించారు. 1847లో గానీ పన్ను డబ్బుతో క్రిస్మస్ భోజనం పెట్టడానికి ఒప్పుకోలేదు. ఇక ఆ తర్వాత ప్రతి డిసెంబర్‌లోనూ పత్రికల్లో వర్క్‌హౌస్ విందు బొమ్మ వచ్చేది. పొడుగాటి బల్లలు, గోడకు పచ్చటి తోరణాలు, బీఫ్ వేపుడు, ప్లమ్ పుడ్డింగ్, ఆ పక్కన నిలబడి చూస్తున్న అధికారులు, వాళ్ల భార్యలు. ఏడాదికి ఒక్క రోజు తిండిని ఇంత శ్రద్ధగా బొమ్మ వేస్తే మిగిలిన 364 రోజుల తిండి గురించి అడగాలన్న ఆలోచన రాదు. 1877లో జార్జ్ సిమ్స్ ‘రెఫరీ’ పత్రికలో రాసిన పద్యంలో ఒక ముసలాయన అదే విందు బల్ల దగ్గర లేచి అడుగుతాడు. కిందటి క్రిస్మస్‌కు తన భార్య ఆకలితో చచ్చిపోయింది, ఎందుకంటే లోపలికి వస్తే ఇద్దర్నీ విడదీస్తామన్నారు, బయట ఉంటే సాయం చేసేది లేదన్నారు. ఆ పద్యానికి తర్వాత వెక్కిరింపు నకళ్లు లెక్కలేనన్ని పుట్టాయి. అంత కోపాన్ని జనం వెక్కిరింపుగా మార్చుకోవడం కూడా ఒక రకమైన బొమ్మే.

బొమ్మల వెనకాల ఇంకో మాట నడిచేది: ఎవరు సాయానికి తగినవాళ్లు, ఎవరు కారు. అనాథ పిల్ల, వితంతువు, గౌరవంగా బతికి చితికిన ముసలివాళ్లు తగినవాళ్లు. తాగుబోతు, పని దొరక్క ఊళ్లు తిరిగేవాడు కాదు. ‘గ్రాఫిక్’ మొదలైన 1869లోనే లండన్‌లో చారిటీ ఆర్గనైజేషన్ సొసైటీ కూడా పుట్టింది. విచారించకుండా దానం చేయడమే పేదరికాన్ని పెంచుతోందని దాని వాదం. అడిగినవాడికల్లా పెట్టకండి, ముందు ఆరా తీయండి. ఫైల్డ్స్ క్యూలో తగినవాళ్లూ తగనివాళ్లూ భుజాలు రాసుకుంటూ నిలబడ్డారు. తల్లీబిడ్డల పక్కనే, చేతులు జేబుల్లో పెట్టుకుని వాలిపోయిన మనిషి కూడా ఉన్నాడు. చలికి ఆ తేడా తెలియదు.

క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు, 1849 డిసెంబర్ 22న వచ్చిన ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ ఇంకా నిక్కచ్చి ఉదాహరణ. ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట కుళ్లి మొదలైన కరువు అప్పటికి నాలుగేళ్లుగా చంపుతోంది. పశ్చిమాన కిల్‌రష్ ప్రాంతంలో కౌలుదార్ల ఇళ్లు కూలగొట్టి తరిమేస్తున్నారు. ఆ సంచికలో బ్రిజెట్ ఓ'డానెల్ అనే ఆమె బొమ్మ ఉంది. చెప్పుల్లేవు, ఒంటి మీద పేలికలు, ఇరువైపులా ఇద్దరు పిల్లలు. కింద ఆమె మాటల్లోనే ఆమె కథ. నాలుగున్నర ఎకరాల చేను, మూడెకరాల బురద నేల, ఏడాదికి ఏడు పౌన్ల నాలుగు షిల్లింగుల కౌలు. కొంత బాకీ పడ్డారు. కోసి కుప్ప వేసిన పంట కాస్తా పట్టుకుపోయారు. ఆమె జ్వరంతో పడుకుని ఉంది, కాన్పు ఇంకా రెండు నెలలుంది. ఇల్లు ఖాళీ చేయనంటే కూలగొట్టడం మొదలెట్టారు. సగం ఇల్లు పడ్డాక ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఆమెను మోసుకుని బయటికి తెచ్చారు. ఎనిమిది రోజులకు బిడ్డ చచ్చి పుట్టింది. ఇంటిల్లిపాదికీ జ్వరాలు. పదమూడేళ్ల కొడుకు ఆకలితో పోయాడు.

అదే ధారావాహికలో ఇంకో బొమ్మ కూడా వచ్చింది. కిల్‌రష్ పేదల చట్టం అధికారి కెనడీ గారి చిన్న కూతురు బీదవాళ్లకు బట్టలు పంచుతున్న బొమ్మ. చుట్టూ చిరుగుబట్టల గుంపు, మధ్యలో శుభ్రమైన గౌనులో పాప. పత్రిక రెంటినీ ఒకే జాలితో వేసింది. కానీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బ్రిజెట్ కథలో ఎవరు ఏం చేశారో వివరంగా ఉంది. కౌలు, పంట, జప్తు, ఇల్లు పడగొట్టిన మనుషులు, అన్నీ ఉన్నాయి. పాప బొమ్మలో కారణం ఏదీ లేదు, పేదరికం వర్షంలా పైనుంచి కురిసిందంతే, పాప గొడుగు పట్టింది. తండ్రి ఆ ఊళ్లో ఇళ్ల కూల్చివేతల మీద సర్కారుకు నివేదికలు పంపిన మనిషే. ఆయన నివేదికలు బొమ్మకు ఎక్కలేదు, కూతురి బట్టల మూట ఎక్కింది. పాఠకులకు ఏది సులువుగా మింగుడుపడుతుందో సంపాదకులకు బాగా తెలుసు.

‘గ్రాఫిక్’ పెట్టిన విలియం లూసన్ థామస్ స్వయంగా కొయ్య చెక్కేవాడు. పత్రిక బొమ్మలకు కొత్త చిత్రకారుల్ని తీసుకురావాలని, వాళ్లకు నచ్చిన విషయం గీయనివ్వాలని అతని పట్టుదల. పత్రిక మాత్రం విప్లవ పత్రికేం కాదు. ఫైల్డ్స్ బొమ్మకు తోడుగా అచ్చువేసిన వ్యాఖ్య కూడా ఇళ్లులేనివాళ్ల చట్టం ఎలా పనిచేస్తోందో చెప్పే చల్లటి వివరణే. వేడి అంతా బొమ్మలోనే ఉంది. దాన్ని చూసిన చిత్రకారుడు మిలే పత్రిక పట్టుకుని డికెన్స్ దగ్గరికి పరిగెత్తాడు. కొత్త నవలకు బొమ్మలు వేసే మనిషి కోసం డికెన్స్ వెతుకుతున్నాడు, ఫైల్డ్స్‌కు ఆ పని దొరికింది. 1870 జూన్ 9న డికెన్స్ పోయాడు, నవల సగంలో ఆగింది. ఆయన రాసుకునే గదిలో ఖాళీ కుర్చీని ఫైల్డ్స్ గీస్తే ‘గ్రాఫిక్’ ఆ ఏడాది క్రిస్మస్ సంచికలో వేసింది. క్రిస్మస్ దానధర్మాల కథకుడికి క్రిస్మస్ సంచికలో ఖాళీ కుర్చీ.

అప్పట్లో లండన్‌లో ఒక చిత్రాల దుకాణంలో కుర్రాడొకడు పనిచేసేవాడు, పేరు విన్సెంట్ వాన్‌గో. వారంవారం ఈ పత్రికల ఆఫీసు కిటికీల ముందు నిలబడి కొత్త బొమ్మలు చూసేవాడు. పదేళ్ల తర్వాత హేగ్‌లో, తినడానికే కటకటలాడుతున్న రోజుల్లో, ‘గ్రాఫిక్’ పాత సంపుటాలు 21 కొన్నాడు. అందులోంచి బొమ్మలు కత్తిరించి అట్టలకు అతికించి దాచుకున్నాడు. పెయింటింగుల కంటే ఈ అచ్చుబొమ్మలనే ఆయన ఎక్కువ శ్రద్ధగా చదివాడంటే తప్పులేదు.

పత్రిక బొమ్మ రంగుల పెయింటింగ్ అయినప్పుడు ఏం జరుగుతుందో చూడడం ఆసక్తిగా ఉంటుంది. ఫైల్డ్స్ తన క్యూనే పెద్ద కాన్వాసు మీద గీసి 1874లో రాయల్ అకాడమీ ప్రదర్శనకు పెట్టాడు. జనం ఎంత విరగబడ్డారంటే బొమ్మకు అడ్డంగా కటకటాలు కట్టాల్సి వచ్చింది. క్యూలో నిలబడ్డవాళ్ల బొమ్మ చూడడానికి క్యూ. తర్వాత దాన్ని కొన్నది థామస్ హాలోవే, మందుబిళ్లల వ్యాపారంలో గడించిన కోటీశ్వరుడు. ఇంకో చిత్రకారుడు హ్యూబర్ట్ హెర్కోమర్ వెస్ట్‌మిన్‌స్టర్ వర్క్‌హౌస్‌లో కూర్చుని కుట్టుపని చేస్తున్న ముసలమ్మల్ని 1877లో ‘గ్రాఫిక్’ కోసం గీశాడు. మరుసటి ఏడు దాన్నే రంగుల్లో వేసినప్పుడు బల్ల మీదికి పూలు, టీ కప్పు వచ్చి చేరాయి, ముఖాలు కొంచెం తేరుకున్నాయి. గోడకు వేలాడదీసుకోవాలంటే ఆ మాత్రం తీపి కలపాలి కాబోలు.

హెర్కోమరే 1876 క్రిస్మస్‌కు ‘గ్రాఫిక్’లో వర్క్‌హౌస్ పండగ బొమ్మ వేశాడు. అది లండన్ ఇళ్లల్లో చేతులు మారుతున్న వారంలోనే ఢిల్లీలో దర్బారు ఏర్పాట్లు జరుగుతున్నాయి. 1877 జనవరి 1న విక్టోరియాను భారత చక్రవర్తినిగా ప్రకటించారు. తెలుగు లెక్కలో అది ధాత సంవత్సరం. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో వానలు పోయి కరువు పనులు నడుస్తున్నాయి. అప్పటి బళ్లారి జిల్లా అంటే ఆదోని, ఆలూరు, రాయదుర్గమే కాదు, అనంతపురం కూడా అందులోదే. జనవరిలో సర్కారు పంపగా వచ్చిన అధికారి రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించడానికి, రోజంతా మట్టి మోసిన మగమనిషికి ఒక పౌను గింజలు, పైన ఒక అణా చాలన్నాడు. ఈ పౌను తూకం, అంటే దాదాపు 450 గ్రాములు. వర్క్‌హౌస్ సూత్రమే ఇక్కడికి పడవెక్కి వచ్చింది: సాయం అంటే సిగ్గుపడేంత తక్కువగా ఉండాలి, అప్పుడే అక్కర్లేనివాళ్లు రారు.

ఆ ఆగస్టులో లండన్ మేయర్ ఆధ్వర్యంలో చందాల నిధి తెరిచారు, లక్షల పౌన్లు వచ్చాయి. అక్టోబర్‌లో ‘గ్రాఫిక్’ బళ్లారి జిల్లాలో మనుషులూ పశువులూ ఎండిపోయిన బొమ్మలు వేసింది. ‘ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్’ బెంగళూరులో సాయం కోసం కాచుకున్న జనాన్ని వేసింది. డబ్బు రావడంలో ఈ బొమ్మల పాత్ర కాదనలేం. అయితే లండన్ క్యూకూ ఈ క్యూకూ ఒక భేదం ఉంది. ఫైల్డ్స్ క్యూలో ప్రతి మనిషికీ ఒక గతం ఉంది, టోపీని బట్టి, నిలబడ్డ తీరును బట్టి ఊహించుకోవచ్చు. ఇక్కడ ఉన్నది డొక్కలు. ఎవరు నేతగాడు, ఎవరు రైతు, ఎవరి ఊరు ఎక్కడ, ఏదీ తెలియదు. ఐర్లండ్‌లో బ్రిజెట్‌కు దక్కిన పాటి పేరూ మాటా ఆలూరు నుంచి వచ్చినామెకు దక్కలేదు.

మన వైపు కరువు జ్ఞాపకం అచ్చుబొమ్మల్లో కాక నోటి పాటల్లో మిగిలింది. రేనాటి జానపదుల పాటల్లో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి అన్నదానం ఇప్పటికీ వినబడుతుంది. ఆయన పెట్టింది నిజమే, తిన్నవాళ్లు పాడుకోవడమూ న్యాయమే. ఒకటి మాత్రం గమనించాలి. తిన్నవాళ్ల పేర్లు పాటలోనూ లేవు. బొమ్మలో అయినా పాటలో అయినా గుర్తుండిపోయేది పెట్టిన చెయ్యే.

1880 నాటికి ‘గ్రాఫిక్’ క్రిస్మస్ సంచికకు కొత్త సరుకు దొరికింది. మిలే గీసిన బుగ్గల పాప, ‘చెర్రీ రైప్’, రంగుల్లో. కాపీలు లక్షల్లో పోయాయి. 1887లో పోటీ పత్రిక వాళ్లు అదే మిలే గీసిన సబ్బు బుడగల పిల్లాణ్ణి క్రిస్మస్‌కు ఇచ్చారు, ఆ బొమ్మ తర్వాత పియర్స్ సబ్బు ప్రకటన అయింది. డికెన్స్‌కు ఫైల్డ్స్‌ను చూపించిన చెయ్యి కూడా ఇదే మిలేది. ఫొటోలను నేరుగా అచ్చువేసే హాఫ్‌టోన్ పద్ధతి వచ్చాక బాక్స్‌వుడ్ చెక్కేవాళ్ల పని కూడా మెల్లగా అయిపోయింది.

ఫైల్డ్స్ ఏమయ్యాడు? పెద్దింటివాళ్ల బొమ్మలు గీసి బాగా స్థిరపడ్డాడు. 1877లో, సరిగ్గా క్రిస్మస్ రోజు పొద్దున, ఆయన మొదటి కొడుకు ఫిలిప్ జబ్బుతో చనిపోయాడు. పిల్లాడి మంచం పక్కన డాక్టరు కూర్చున్న తీరు ఆయన మనసులో ఉండిపోయింది. చక్కెర వ్యాపారి హెన్రీ టేట్ కొత్త గ్యాలరీ కోసం బొమ్మ కావాలన్నప్పుడు అదే గీశాడు. 1891లో వచ్చిన ఆ బొమ్మ పేరు ‘డాక్టర్’. పేద గుడిసె, రెండు కుర్చీలు కలిపి వేసిన పడక మీద పిల్ల, బల్ల మీద తల పెట్టుకున్న తల్లి, నిలబడ్డ తండ్రి, కిటికీలో తెల్లారుతున్న వెలుతురు. మధ్యలో, దీపం వెలుగంతా తన మీద పడేలా, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని డాక్టరు. ఇరవై రెండేళ్ల కిందట ఎవరిని బొమ్మలోంచి తీసేశాడో ఆ మనిషినే ఇప్పుడు నట్టనడుమ కూర్చోబెట్టాడు. ప్రపంచమంతా నెత్తిన పెట్టుకున్న బొమ్మ అదే, క్యూ బొమ్మ కాదు.

1949లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ ప్రజలందరికీ ఆరోగ్య బీమా తెస్తానన్నప్పుడు, దాన్ని వ్యతిరేకించిన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ప్రచారానికి ఈ బొమ్మనే వాడుకుంది. ఈ బొమ్మలోకి రాజకీయాల్ని రానివ్వకండి అని దాని కింద రాసి పోస్టర్లు వేసింది. ఆ పోస్టర్లు దేశమంతా డాక్టర్ల ఆఫీసుల గోడలకెక్కాయి, వంతు కోసం కూర్చున్న రోగుల తలల పైన.